బార్ కార్ట్ తర్వాత కొనొచ్చు, ముందు ఐసు సంగతి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మణికొండలో ఫ్లాటు, ఐటీ ఉద్యోగం, నలభైకి దగ్గరపడుతున్నారు. వీకెండ్ అంటే బీరు, బిర్యానీ, ఫోను. అది విసుగొచ్చింది. పాతకాలపు కాక్‌టెయిల్స్, పాత స్టైల్ బట్టలు, రికార్డులు, పేకాట, ఇలా ఒక సాయంత్రాన్ని తీరిగ్గా గడపడం నేర్చుకోవాలని ఉంది. నలభై వేలు పక్కన పెట్టారు. లిస్టులో ఇత్తడి బార్ కార్ట్, పెద్ద గొట్టం ఉన్న గ్రామఫోన్, ట్వీడ్ కోటు ఉన్నాయి. ఇంట్లో సీసాలు కనపడటం మీ ఆవిడకు ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ ఊళ్లో హోటల్ బార్ల కౌంటర్ వెనక చాలా కాలం నిలబడ్డవాణ్ణి. ఇప్పుడు రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్నాను. పెద్దవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మీ లిస్టులో ఆ మూడూ కొట్టేయండి. బార్ కార్ట్ దుమ్ము పట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. గ్రామఫోన్ సంగతి కింద చెబుతాను. ట్వీడ్ అంటారా, అది స్కాట్లాండ్ చలికి నేసిన ఉన్ని గుడ్డ. మన దగ్గర డిసెంబరులో ఓ పది రాత్రులు వేసుకుని, మిగతా ఏడాదంతా కలరా ఉండలు వేసి బీరువాలో దాచుకోవాలి.

మనవాళ్లు తాగే పద్ధతి ఒకసారి చూడండి. నైంటీ, క్వార్టర్, హాఫ్. అంతా కొలత లెక్కే. వైన్స్ పక్కన పర్మిట్ రూములో నిలబడి రెండు గుక్కల్లో కొట్టేసి, నోట్లో సోంపు వేసుకుని ఇంటికి వెళ్లడం. ఈ తొందరకు కారణం లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే ఇళ్లు ఎంత గుల్లయ్యాయో ఆలోచించండి. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యనిషేధం పెట్టింది, 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్లలో కాలేజీ వయసులో ఉన్నవాళ్లు తాగడం నేర్చుకున్నదే దొంగచాటుగా. దాచుకుని తాగేవాడు రుచి చూడడు, త్వరగా ఎక్కాలని చూస్తాడు. క్లాసిక్ కాక్‌టెయిల్ దీనికి పూర్తిగా ఎదురు. రాత్రంతా కలిపి రెండు గ్లాసులు, అంతే. మీ ఆవిడ అభ్యంతరానికి సగం జవాబు ఇక్కడే ఉంది. ఆవిడకు ఇష్టం లేనిది సీసా కాకపోవచ్చు, అది ఖాళీ అయ్యే తీరు కావచ్చు.

ఇక అసలు విషయం. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పత్రికను పాఠకుడు కాక్‌టెయిల్ అంటే ఏమిటని అడిగితే, ఎడిటర్ నాలుగే చెప్పాడు: మద్యం, చక్కెర, నీరు, బిట్టర్స్ (చుక్కలుగా వేసే చేదు మూలికల సారం). నీరు అందులో ఒక దినుసు. ఇప్పుడు ఆ నీరు ఐసు కరిగి వస్తుంది. ముప్పై సెకన్లు ఐసులో కలిపితే డ్రింకులో పావు వంతు దాకా నీరు చేరుతుంది. అంటే మీ ఫ్రీజర్లో ఉన్న ఐసు రుచి ఎలా ఉంటే మీ గ్లాసు రుచి అలా ఉంటుంది. మన ఫ్రీజర్లలో ఏముంటాయి? నెల కిందటి చేప ముక్కలు, అల్లం వెల్లుల్లి ముద్ద, మొన్నటి మటన్ కీమా. ట్రేలో మూత లేకుండా పెట్టిన ఐసు ఆ వాసనలన్నీ పీల్చుకుంటుంది. ఒక ముక్క తీసి ఉత్తగా నోట్లో వేసుకుని చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. వేల రూపాయల సింగిల్ మాల్ట్ విస్కీలో వెల్లుల్లి వాసన రావడం నేను పెద్ద పెద్ద ఇళ్లలోనే చూశాను.

మంచి ఐసుకు మెషిన్ అక్కర్లేదు. చపాతీలు వేడిగా ఉంచుకునే చిన్న హాట్‌ప్యాక్ ఉంటుంది కదా, దాన్ని ప్యూరిఫయర్ నీళ్లతో నింపి, మూత తీసేసి ఫ్రీజర్లో పెట్టండి. పక్కల నుంచి, అడుగు నుంచి చలి త్వరగా లోపలికి పోదు కాబట్టి నీరు పై నుంచి కిందికి గడ్డకడుతుంది. కరిగి ఉన్న గాలి, మలినం కిందికి నెట్టుకుంటూ పోతుంది. పద్దెనిమిది, ఇరవై గంటల తర్వాత, అడుగున ఇంకా కొంచెం నీరు ఉండగానే తీసేయండి. ఆ నీరు పారబోస్తే మిగిలిన గడ్డ అద్దంలా ఉంటుంది. పది నిమిషాలు బయట ఉంచి, బ్రెడ్ కోసే రంపపు కత్తితో గీత పెట్టి, కత్తి వీపు మీద చిన్న దెబ్బ వేస్తే చక్కగా విరుగుతుంది. బయటికి తీసీ తీయగానే కొడితే మాత్రం పగుళ్లొచ్చి ముక్కలవుతుంది. విరిగిన పెద్ద ముక్కలను మూత ఉన్న డబ్బాలో పెట్టి మళ్లీ ఫ్రీజర్లో దాచుకోండి. పెద్ద ముక్క నెమ్మదిగా కరుగుతుంది, అందుకే దానికి అంత మర్యాద. ఫ్యాక్టరీ బ్లాకు ఐసు మాత్రం దగ్గరికి రానివ్వకండి, అది చేపల బుట్టల కోసం.

సీసాల విషయంలో ముందు నాలుగు కొనండి, చాలు: ఒక జిన్, ఒక డార్క్ రమ్, ఒక వైట్ రమ్, ఒక చిన్న అంగోస్తురా బిట్టర్స్. విస్కీ మీ ఇంట్లో ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు గోవాలోనే మంచి జిన్లు తయారవుతున్నాయి. గ్రేటర్ దాన్, స్ట్రేంజర్ అండ్ సన్స్ లాంటివి మన పెద్ద లిక్కర్ మార్టుల్లో దొరుకుతాయి, దిగుమతి సరుకు కోసం జేబు చించుకోనవసరం లేదు. బిట్టర్స్ సీసాకు లేబుల్ పెద్దదై మెడ దాకా పాకి ఉంటుంది. నకిలీదేమోనని వెనక్కి ఇవ్వకండి, కంపెనీ వాళ్లు అలాగే అమ్ముతారు. 1824లో వెనిజులాలో ఒక జర్మన్ డాక్టర్ కడుపునొప్పికి మందుగా చేసిన సరుకు అది. ఇప్పుడు ట్రినిడాడ్‌లో తయారవుతుంది. పప్పులో ఇంగువ ఎంతో, గ్లాసులో ఇది అంత. ఉందని తెలియదు, లేకపోతే మాత్రం తెలుస్తుంది.

మొదట ఓల్డ్ ఫ్యాషన్డ్ నేర్చుకోండి. ఆ 1806 నాటి నాలుగు దినుసులే ఇందులోనూ ఉంటాయి. ఒక చెంచా చక్కెర పాకం (చక్కెర, నీళ్లు సమాన తూకంలో, వేడి లేకుండా కరిగించినా చాలు), బిట్టర్స్ రెండు మూడు దులుపులు, అరవై మిల్లీలీటర్ల విస్కీ. చిన్న ఐసు ముక్కల మీద అరనిమిషం తిప్పి, వేరే గ్లాసులో పెద్ద ఐసు ముక్క మీదికి వడకట్టండి. ఆరెంజ్ తొక్క ఒక ముక్క కోసి, రంగు ఉన్న వైపు గ్లాసు మీదికి తిప్పి నొక్కండి. సన్నటి తుంపరలా నూనె చిమ్ముతుంది, వెలుతురుకు అడ్డంగా పెడితే కళ్లకు కనపడుతుంది. సగం వాసన ఆ తుంపరదే. నాగపూర్ కమలాకు తొక్క వదులుగా ఉండి సరిగా నొక్కబడదు, బిగుతు తొక్క ఉన్న ఆరెంజ్ తీసుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. మన దగ్గర తక్కువ ధరకు దొరికే విస్కీల్లో చాలావాటికి ఆధారం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్. అందులో చక్కెర పాకం పోస్తే తీపి మీద తీపి అవుతుంది తప్ప ధాన్యపు రుచి రాదు. ఒక బోర్బన్ (అమెరికన్ విస్కీ) అయినా, అమృత్ లాంటి మన సింగిల్ మాల్ట్ అయినా వాడండి. అది ఖర్చనిపిస్తే నా సలహా వినండి. విస్కీ వదిలేసి ఓల్డ్ మంక్‌తో చేయండి. చక్కెర బదులు తాటిబెల్లం పాకం అర చెంచా చాలు, ఎందుకంటే ఆ రమ్‌లో ముందే వెనీలా తీపి ఉంది. మా కుర్ర బార్‌టెండర్లు దీన్ని చూసి నవ్వేవాళ్లు. తాగాక నవ్వలేదు.

రెండోది డైకిరీ. క్యూబాలో 1898 ప్రాంతంలో గనుల్లో పనిచేసే అమెరికన్ ఇంజనీర్లు చేసుకున్న డ్రింకని చెబుతారు. వైట్ రమ్ అరవై, నిమ్మరసం ఇరవై, చక్కెర పాకం ఇరవై. అంతే. స్ట్రాబెర్రీలు, మిక్సీలు తర్వాత వచ్చిన వేషాలు. విదేశీ పుస్తకాల్లో నిమ్మరసం ఇంకా ఎక్కువ రాస్తారు, మీరు అంత పోయకండి. మన నకిరేకల్, గూడూరు నిమ్మకాయ చిన్నదైనా పులుపు ఘాటు. అప్పుడే పిండిన రసం కావాలి. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టింది సాయంత్రానికి చప్పబడి చేదెక్కుతుంది. రసం ఉన్న ఏ డ్రింకునైనా గట్టిగా గిలక్కొట్టాలి, పది పన్నెండు సెకన్లు, చేతికి షేకర్ అంటుకుపోయేంత చల్లబడాలి. రసం లేనివాటిని తిప్పితే చాలు. షేకర్ లేదా? జిమ్‌కు వెళ్లేవాళ్ల ప్రొటీన్ సీసా ఒకటి కొత్తది కొనండి. లోపల స్ప్రింగ్ తీసేయండి. టీ వడకట్టే జల్లెడతో వడకట్టండి. పని జరుగుతుంది. పెగ్ మెజర్ మాత్రం తప్పకుండా కొనండి. కంటి అంచనాతో పోసేవాళ్లంతా ఎక్కువే పోస్తారు, తక్కువ పోసినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

ఏదైనా బార్‌లో పనితనం ఎలా ఉందో తెలుసుకోవాలన్నా డైకిరీనే అడగండి. నిమ్మకాయ మీ ఎదుట కోశాడా, సీసాలోంచి పోశాడా చూడండి. ఐసు బకెట్ అడుగున నీళ్లలో తేలుతుంటే డ్రింకు పలచబడి వస్తుంది. మెనూలో నలభై పేర్లున్న బార్‌లో రెండు కూడా సరిగ్గా రావు.

గిమ్లెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మన నిమ్మకాయకు అచ్చంగా సరిపోయే డ్రింకు. 1867లో లాక్లన్ రోజ్ అనే స్కాట్లాండ్ వ్యాపారి మద్యం కలపకుండా, చక్కెరతో నిమ్మరసం నిల్వచేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అదే ఏడాది బ్రిటిష్ ఓడల్లో నావికులకు స్కర్వీ జబ్బు రాకుండా నిమ్మరసం ఇవ్వాలని చట్టం వచ్చింది. ఆ సీసా రసంలో జిన్ కలిపితే గిమ్లెట్. సీసాది కొనే బదులు ఇంట్లో చేసుకోండి. డజను నిమ్మకాయలు కడిగి తుడిచి, ఆకుపచ్చ పైతోలు మాత్రం సన్న తురుముపీట మీద తీయండి. మన కాయ తొక్క పల్చన, పీలర్ పెడితే తెల్లపొర కూడా లేచి చేదు చేస్తుంది. ఆ తురుములో రెండు వందల గ్రాముల చక్కెర వేసి చేత్తో నలిపి, మూతపెట్టి నాలుగైదు గంటలు వదిలేయండి. చక్కెర పచ్చగా మారి, తడిసిన ఇసుకలా అవుతుంది. వంటిల్లంతా నిమ్మ వాసన. అప్పుడు ఆ కాయల రసమే పిండి, చక్కెర కరిగేదాకా కలిపి వడకట్టండి. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. అరవై జిన్‌కు ఇది పాతిక, ముప్పై మిల్లీలీటర్లు, ఐసులో గిలక్కొట్టి చల్లటి గ్లాసులోకి. మే నెలలో సాయంత్రం ఏడు గంటలకు కూడా గోడలు సెగలు కక్కుతుంటే ఇంతకు మించింది లేదు.

మీ ఆవిడకు కూడా అదే నిమ్మ పాకం (కార్డియల్ అంటారు) పనికొస్తుంది. జిన్ బదులు సోడా, ఒక చిటికెడు ఉప్పు. లేదా నన్నారి షర్బత్ ముప్పై, నిమ్మరసం పదిహేను, సోడా. ఆవిడకు కూడా మీ గ్లాసు లాంటి గ్లాసులోనే, అదే ఐసుతో, అదే శ్రద్ధగా చేసి ఇవ్వండి. ప్లాస్టిక్ కప్పులో థమ్సప్ పోసి చేతికిస్తే ఆవిడకు ఈ సాయంత్రంతో సంబంధం లేదని చెప్పినట్టే. ఒక్క జాగ్రత్త: బిట్టర్స్‌లో మద్యం 44.7 శాతం. చుక్కలే కదా అని తాగనివాళ్ల గ్లాసులో వేయకూడదు, వేస్తే చెప్పి వేయాలి. (నన్నారి డార్క్ రమ్‌తో కూడా బ్రహ్మాండంగా కుదురుతుంది, అది మీకు.)

నెగ్రోనీ మీద ఇప్పుడు మోజు ఎక్కువ. జిన్, కంపారీ (ఇటలీ వాళ్ల ఎర్రటి చేదు మద్యం), తీపి వెర్మూత్ తలా ముప్పై. 1919లో ఫ్లారెన్స్‌లో నెగ్రోనీ అనే కౌంట్ పేరు మీద వచ్చిందంటారు. చేదు అలవాటు లేని నోటికి మొదటిసారి జబ్బుకు మందు తాగినట్టే ఉంటుంది, కాకరకాయ వేపుడు ఇష్టపడేవాళ్లకు రెండోసారికి పట్టుకుంటుంది. ఆరు నెలల తర్వాత కొనండి. కొన్నప్పుడు వెర్మూత్ వైన్ జాతిదని గుర్తుంచుకోండి. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉండాలి, నెలా రెండు నెలల్లో అయిపోవాలి. షోకేసులో ఏడాది నుంచి నిలబడి ఉన్న వెర్మూత్‌తో చేసిన నెగ్రోనీ తాగి, నెగ్రోనీ బాగోదని తేల్చేసినవాళ్లు ఎంతమందో.

లెక్క కూడా చెప్పాలి. మన సీసాల మీద ఉండే 42.8 శాతం మద్యం ముప్పై మిల్లీలీటర్లు పోస్తే అందులో దాదాపు పది గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఓల్డ్ ఫ్యాషన్డ్ ఒకటంటే రెండు చిన్న పెగ్గులు. నెగ్రోనీ కూడా అటూఇటూగా అంతే. రెండు కాక్‌టెయిల్స్ అంటే నాలుగు పెగ్గులు. అక్కడితో షాపు కట్టేయాలి. ఐసు మీద పోసిన గ్లాసును ముప్పావుగంట కూర్చుని తాగొచ్చు, ప్రతి పది నిమిషాలకూ రుచి కొంచెం మారుతుంది, అదే దాని సరదా. కాడ గ్లాసులో ఐసు లేకుండా పోసేవి మాత్రం మన వేడికి పావుగంటలో వెచ్చబడతాయి. వాటికి నూట ఇరవై మిల్లీలీటర్లు పట్టే చిన్న గ్లాసులు కొనండి. సినిమాల్లో కనపడే గిన్నెలంత గ్లాసులు వద్దు.

పక్కన తినడానికి చికెన్ 65, మిర్చి బజ్జీ వద్దంటే మీరు నన్ను తిడతారు. కానీ మద్యం కారాన్ని ఇంకా మండిస్తుంది, కారం నాలుకను మొద్దుబారుస్తుంది. ఇంత కష్టపడి తీసిన నిమ్మతోలు వాసన అందులో కొట్టుకుపోతుంది. మొదటి గ్లాసుతో ఉప్పు పల్లీలు, వేయించిన జీడిపప్పు, ఉస్మానియా బిస్కెట్లు. అవునండీ, ఆ ఉప్పు-తీపి బిస్కెట్టు రమ్ ఓల్డ్ ఫ్యాషన్డ్‌తో ఎంత బాగుంటుందో తిని చూడండి. కారాలు రెండో గ్లాసు తర్వాత భోజనంలో తినండి.

బట్టల విషయానికొస్తే, పాత స్టైల్ అంటే పాత వస్త్రం కాదు, పాత కొలత. యాభైల నాటి సాంఘిక సినిమాల్లో నాగేశ్వరరావు ప్యాంటు చూడండి. నడుముకు పైన, బొడ్డు దగ్గర కూర్చుంటుంది. ముందు రెండు ప్లీట్స్, తొడ దగ్గర వదులు, కింద కొంచెం సన్నం. కూర్చున్నా, లేచినా హాయిగా ఉంటుంది. రెడీమేడ్‌లో ఇది దొరకడం కష్టం. ఆబిడ్స్‌లో గానీ సికింద్రాబాద్‌లో గానీ పాత టైలర్ దగ్గరికి వెళ్లి ఒక ఫొటో చూపించి, నడుం పట్టీ నుంచి కాళ్లు విడిపోయే చోటు దాకా కొలత పెంచమని అడగండి. బట్ట లినెన్ గానీ మందపాటి కాటన్ గానీ. పైన మంగళగిరి కాటన్ చొక్కా, కాలర్‌లో మెత్తటి బక్రం వేయమనండి. అట్టముక్క లాంటిది వేస్తే మెడ ఒరుసుకుపోతుంది. కోటు కావాలనే ఉంటే ముందు మీ నాన్నగారి, తాతగారి బీరువా వెతకండి. నడుము, చేతుల పొడవు సరిచేయొచ్చు, భుజం మాత్రం సరిచేయలేరు. భుజం సరిపోతేనే తీసుకోండి, లేకపోతే మడిచి మళ్లీ బీరువాలో పెట్టేయండి. హైదరాబాద్‌లో పాతకాలపు దర్జా అంటే ఎలాగూ సూటు కాదు, షేర్వానీ. పురానీ హవేలీ మ్యూజియంలో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా ఉంది. ఒక హాలు పొడవునా రెండు వైపులా టేకు అరలే. వేసిన డ్రెస్సు మళ్లీ వేసేవాడు కాదంటారు. మనకు అంత అక్కర్లేదు గానీ, ఒకసారి చూసి రండి.

వాచీ అంటే హెచ్‌ఎంటీ జనతా. రోజూ పొద్దున కీ ఇవ్వాలి, అదొక మంచి అలవాటు. ఆన్‌లైన్‌లో తళతళలాడే ఎర్ర, నీలం డయళ్లతో అమ్మేవి చాలావరకు పాత మెషిన్ మీద కొత్తగా రంగేసి అచ్చుకొట్టినవి. 2016లో వాచీల కంపెనీ మూతపడ్డాక ఆ వ్యాపారం ఇంకా పెరిగింది. భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి, చెదిరి ఉంటే అది మళ్లీ వేసిన డయల్. కొంచెం పసుపెక్కిన తెల్ల డయల్ దొరికితే అదే నిజమైనది అయ్యే అవకాశం ఎక్కువ. చుట్టాల ఇళ్లల్లో అడిగితే ఏదో ఒక డ్రాయర్‌లో తప్పకుండా ఉంటుంది.

గ్రామఫోన్ విషయం. ఇప్పుడు బజార్లో మెరిసే ఇత్తడి గొట్టంతో అమ్మేవన్నీ దాదాపుగా అలంకరణ సామాన్లు. ముక్కలు ముక్కలు తెచ్చి అతికించినవి. నిజమైన గ్రామఫోన్ అయినా 78 ఆర్‌పీఎం లక్క రికార్డులకే పనికొస్తుంది. ఎల్పీ పెడితే ఆ బరువైన సూది గాడిని కోసేస్తుంది. స్టీలు సూది రికార్డు ఒక్కో వైపుకీ మార్చాలి. ఇవన్నీ తెలిసి, ఓపిక ఉన్నవాళ్లు దిగాల్సిన వ్యసనం అది. ప్రస్తుతానికి ఘంటసాల పాటలు ఒక మామూలు స్పీకర్‌లో సన్నగా పెట్టుకోండి, తప్పేం లేదు. ఫోను మాత్రం పక్క గదిలో ఉండాలి.

కాలక్షేపం విషయంలో హైదరాబాద్‌కు లోటు లేదు, తీరికే లోటు. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు బెంచీ మీద కూర్చోండి. లోపలి నుంచి గడ్డం మనిషి బొమ్మ వచ్చి గంట కొట్టడాన్ని చూడటానికి పిల్లలతో పాటు పెద్దలు కూడా మెడలు చాస్తారు. శుక్రవారం సెలవు. మలక్‌పేట రేసులు కూడా చూడదగ్గవే, 1886లోనే అక్కడ గుర్రాలు పరుగెట్టాయి. వానాకాలం సీజన్‌లో పచ్చగడ్డి మీద గుర్రాలను పందానికి ముందు నడిపించే చోట నిలబడండి. పందెం కాయకపోయినా ఎవరూ ఏమీ అనరు. నేనైతే కాయొద్దనే అంటాను. ఫలక్‌నుమాలో నూట ఒక్కమంది కూర్చునే భోజనాల బల్ల, బిలియర్డ్స్ గది ఉన్నాయి. బుక్ చేసుకుని ఒక్కసారి హై టీకి వెళ్లిరండి, పాతకాలపు గదుల్లో వెలుతురు ఎంత తక్కువగా, ఎంత కింది నుంచి వచ్చేదో గమనించండి. ఇంటికొచ్చి హాల్లో ట్యూబ్‌లైటు ఆపి ఒక టేబుల్ ల్యాంపు పెడితే మీ బడ్జెట్‌లో సగం పని అయిపోయినట్టే. క్లబ్బుల మీద ఆశ పెట్టుకోకండి. 1878 నాటి సికింద్రాబాద్ క్లబ్, 1884 నాటి నిజాం క్లబ్ లాంటి చోట్ల సభ్యత్వం అంత తేలిగ్గా రాదు. పైగా సికింద్రాబాద్ క్లబ్ పాత భవనం 2022 జనవరిలో కాలిపోయింది. ఎవరైనా సభ్యులు అతిథిగా పిలిస్తే కాలర్ చొక్కా, బూట్లు వేసుకుని వెళ్లండి.

ఇంట్లోకి పేకాట కావాలంటే బ్రిడ్జి నేర్చుకోండి. నలుగురు, తలా పదమూడు ముక్కలు, ఇద్దరిద్దరు జట్టు. ఇప్పటి లెక్కల పద్ధతి 1925లో వచ్చింది, మీ కాక్‌టెయిల్స్ కాలమే. పేకలో డబ్బు లేకుండా ఉత్కంఠ ఉండే ఆట ఇదొక్కటే అని నా అభిప్రాయం. రమ్మీ అయినా సరే డబ్బు పెట్టి ఆడితే తెలంగాణలో కేసు కావచ్చు. పిల్లలుంటే అష్టాచెమ్మా పరవండి, గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు అరగదీసుకోండి.

మొదటి సాయంత్రానికి నలుగురినే పిలవండి. డ్రింకులు రెండే పెట్టండి, గిమ్లెట్ ఒకటి, రమ్ ఓల్డ్ ఫ్యాషన్డ్ ఒకటి. కార్డియల్ ముందురోజు, ఐసు రెండు రోజుల ముందు. గ్లాసులు పది నిమిషాలు ఫ్రీజర్లో. ఏడున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు అన్నం వడ్డించండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి డ్రై డేలు చూసుకుని సరుకు ముందే తెచ్చుకోండి. వచ్చేవాళ్లకు కారు తేవద్దని ముందే చెప్పండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే కేసు. మీరిచ్చిన ఒక్క ఓల్డ్ ఫ్యాషన్డ్‌తో కూడా కొంతమందికి అది దాటుతుంది. క్యాబ్ బుక్ చేసి పంపండి. సీసాలు మూత వేసి బీరువాలో పెట్టేయండి, మీ ఆవిడ చెప్పింది అదే కదా. కాడ గ్లాసులు మాత్రం ఆ రాత్రి కడగొద్దు. సింకులో పగిలేవన్నీ అప్పుడే పగులుతాయి. నీళ్లు పోసి పక్కన పెట్టి, పొద్దున కాఫీ తాగాక మీరే కడగండి. పనిమనిషికి వదలకండి.